మిత్సుకోగారితో కిల్కెన్నీ కోటకు

ఐర్లండ్‌లో కోవిడ్ ఆంక్షలు సడలించి, జిల్లాల్లాంటి కౌంటీల సరిహద్దులు దాటొచ్చని ప్రకటించిన వారమే కిల్కెన్నీకి మూడు టిక్కెట్లు తీశాను. ఒకటి నాకు. ఒకటి మా అత్తయ్యకు. తెనాలి నుంచి మూడు నెలలకని వచ్చిన ఆవిడ, విమానాలు ఆగిపోయి ఏడాదికి పైగా డబ్లిన్‌లోనే ఉండిపోయారు. మూడోది డబ్లిన్‌లోనే, బోమాంట్‌ పేటలో మా పక్కింటి మిత్సుకోగారికి.

మిత్సుకోగారిది జపాన్‌లోని హిమేజి. ఐరిష్ భర్త పోయాక ఒంటరిగా ఉంటున్నారు. ఏటా ఏప్రిల్‌లో ఊరెళ్లి, కోట కింద చెర్రీ పూల నీడలో చెల్లెలితో కలిసి భోంచేయడం ఆవిడ అలవాటు. కోవిడ్ వల్ల వరసగా రెండు వసంతాలు ఆ ప్రయాణం లేదు. జబ్బు అంటుకుంటుందన్న భయంతో ఆవిడ గేటు కూడా దాటలేదు. సరుకులు మేమే తెచ్చి గుమ్మంలో పెట్టేవాళ్లం. పెరటి గోడ మీదుగా అత్తయ్యకూ ఆవిడకూ స్నేహం కుదిరింది. ఈవిడకు ఇంగ్లిష్ రాదు, ఆవిడకు తెలుగు రాదు. అయినా గంటలకొద్దీ మాట్లాడుకునేవారు.

"ఈ దేశంలో కోటలు లేవా, పూలు లేవా? ఆవిణ్ణి ఎక్కడికైనా తీసుకెళ్దాం అమ్మాయ్," అని మొదలుపెట్టింది అత్తయ్యే. ఆ ఏడాది ఏప్రిల్ అంతా చలి కావడంతో పూలు ఆలస్యమయ్యాయి. కిల్కెన్నీ కోట తోటలో ఇంకా ఉన్నాయని తెలిసిన వాళ్లు చెప్పారు.

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకల్లా డబ్లిన్‌లోని హ్యూస్టన్ స్టేషన్ చేరాం. పెద్దవాళ్లిద్దరికీ టీకాలు పడ్డాయి, మాస్కులున్నాయి. ముందుగా బుక్ చేసుకున్నవాళ్లనే ఎక్కనిస్తున్నారు. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు, చిన్నపిల్లలా. అత్తయ్య అయితే పట్టుచీర కట్టుకుని, పైన నా శీతాకాలపు కోటు తొడుక్కున్నారు. తీరా ప్లాట్‌ఫాం మీద జనాన్ని చూసేసరికి మిత్సుకోగారు ఆగిపోయారు.

"నావల్ల కాదు సుధా. మీరు వెళ్లిరండి. నేను టాక్సీలో ఇంటికి పోతాను," అన్నారు ఇంగ్లిష్‌లో.

అత్తయ్యకు తెలుగులో చెప్పాను. ఆవిడ వెళ్లి మిత్సుకోగారి చేయి పట్టుకున్నారు. "భయమేస్తే తర్వాతి స్టేషన్లో దిగిపోదాం. నేనూ మీతోపాటే దిగుతా. చెప్పవే సుధా ఆవిడకి."

చెప్పాను. మిత్సుకోగారు ఒక్క క్షణం ఆలోచించి రైలెక్కారు.

సీటు విడిచి సీటు కూర్చోవాలి. ఇద్దరూ నడవాకి చెరోవైపు కూర్చున్నారు. న్యూబ్రిడ్జ్ రాగానే అత్తయ్య తలుపు వైపు వేలు చూపించి కనుబొమలెగరేశారు. మిత్సుకోగారు తల అడ్డంగా ఊపారు. కిల్డేర్‌లోనూ అంతే. కార్లో దగ్గర ఆవిడే ముందుగా నవ్వి, కిటికీలోంచి పచ్చగా పూసిన ఆవాల చేను లాంటిది చూపించారు.

కిల్కెన్నీలో దిగేసరికి ఎండ. స్టేషన్ నుంచి కోటకు మెల్లగా నడిస్తే ఇరవై నిమిషాలు. వంతెన మీదికి రాగానే నది ఒడ్డున బూడిదరంగు బురుజులు కనిపించాయి. "మా కోట తెల్లగా ఉంటుంది. దీనికి నది ఉంది కానీ," అన్నారు మిత్సుకోగారు. కోట లోపలికి ప్రవేశం లేదు, తోట తెరిచే ఉంది. అయితే తోటలో మేం చూసిన చెర్రీ చెట్లన్నీ దాదాపు బోసిగా ఉన్నాయి. ముందురోజు గాలికి పూలన్నీ గడ్డిలో రాలి పడున్నాయి. నా మొహం చూసి, కుక్కను తిప్పుతున్న ఒకావిడ దగ్గరికి రాకుండానే కేకేసి చెప్పింది. "ఆ గోడ వెనక ఒకటుంది చూడండి. దానికి గాలి తగల్లేదు, గ్రాండ్‌గా ఉంది."

పరుగులాంటి నడకతో వెళ్లాం. గోడ మలుపు తిరగగానే మిత్సుకోగారు ఏదో జపనీస్‌లో అన్నారు. ఆకు కనిపించకుండా కొమ్మ కొమ్మా గులాబీరంగు. ఆవిడ మాస్కు దించి, చెట్టు కింద నిలబడి, చెల్లెలికి వీడియో కాల్ చేశారు. అక్కడ రాత్రి తొమ్మిది దాటింది. ఫోన్లో అవతలి ముసలావిడ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. అత్తయ్య తెర ముందుకు వంగి నమస్కారం పెట్టి, "మీ అక్క బాగుంది, మేం చూసుకుంటున్నాం," అన్నారు తెలుగులోనే. అవతలావిడ అంతకన్నా కిందికి వంగింది.

గడ్డి మీద దుప్పటి పరిచాం. మిత్సుకోగారి అన్నపు ముద్దలు, మా పులిహోర. కాఫీ కోట ఎదురుగా ఉన్న దుకాణంలో కిటికీలోంచి ఇచ్చారు. మీరు వెళ్తే టిక్కెట్లు ముందే తీసుకోండి, తిండి వెంట పట్టుకెళ్లండి. ఆ రోజుల్లో రైల్లో మంచినీళ్లు కూడా అమ్మడం లేదు.

సాయంత్రం రైల్లో వెనక్కి వస్తూ లెక్క వేసుకుంటే, కోటను నేను చూసింది తక్కువే. ఏ రాజు కట్టాడో ఫలకం కూడా చదవలేదు. ఒక చెట్టు, దాని కింద ఇద్దరు పెద్దవాళ్ల నవ్వులు మాత్రం కళ్ల ముందు కదులుతూనే ఉన్నాయి. కోవిడ్ మొదలయ్యాక అంత సంతోషంగా గడిచిన రోజు మరొకటి లేదు.

నడవాకి అవతల మిత్సుకోగారు ఫోన్లో మ్యాప్ తెరిచి ఒక్కో కోటా చూపిస్తున్నారు. అత్తయ్య కళ్లజోడు సర్దుకుని ఒకదాని మీద వేలు పెట్టారు. తర్వాత నావైపు తిరిగారు.

"వచ్చే బుధవారం ఇక్కడికి. నీకు ఆఫీసుంటుందిగా, మేమిద్దరమే వెళ్తాం. టిక్కెట్లు తీసిపెట్టు."