ఖుర్షిదా చూసిన పిట్ట

మిరపకాయల రాశి ముందు కూర్చుంటే ఖుర్షిదాకి చేతికంటే కన్నే ముందు పనిచేస్తుంది. ఎర్రటి గుట్టలో తెల్లబారిన తాలుకాయ ఎక్కడ నక్కినా పట్టేస్తుంది. ప్రత్తిపాడు చుట్టుపక్కల కల్లాల్లో ముప్పై ఏళ్ళుగా ఆమె కూలిపని అదే. ఒకసారి ఒక పెద్ద రైతు తాలు కలిపిన బస్తాలను మేలురకమని అమ్మబోతే, ఈమె నలుగురి ముందూ ఒక బస్తా బోర్లించి దోసెడు తాలు ఏరి చూపించింది. మళ్ళీ ఆ కల్లానికి ఆమెను పిలవలేదు. పోతే పోయిందిలెమ్మంది తప్ప వెళ్ళి బతిమాలుకోలేదు.

పిట్టల పిచ్చి కరోనా రోజుల్లో పట్టుకుంది. పనులాగిపోయి, గేదెల్ని తోలుకుని ఊరి బయట కుంటకి వెళ్ళేది. గేదెలు బురదలో పడుకున్నాక చూడ్డానికి అక్కడ పిట్టలు తప్ప ఏమున్నాయి? చూడగా చూడగా, చలికాలంలో దిగి ఎండలు ముదరకముందే ఉత్తరానికి వెళ్ళిపోయే బురదలో పొడుచుకు తినే ఉల్లంకులు, పిల్లిగద్దలు అన్నీ ఆమెకు ఇరుగుపొరుగులైపోయాయి. గుంటూరు నుంచి పిట్టల్ని లెక్కపెట్టడానికొచ్చే బృందం ఆమె కన్ను చూసి ముచ్చటపడి పాత బైనాక్యులర్ ఒకటి ఇచ్చింది. ఆ ముచ్చటంతా బైనాక్యులర్ దగ్గరే ఆగిపోయింది. నిరుడు మార్చిలో ముక్కు పైకి తిరిగిన పిట్టను చూశానంటే ఫోటో ఏదన్నారు. లేదనేసరికి లిస్టులో ఎక్కించలేదు. కూలికెళ్ళే ఆడమనిషి మాట కదా, ఎక్కించకపోయినా అడిగేదెవరు? ఏడాదంతా ఆమెకది మింగుడుపడలేదు. ఈసారి కనబడితే రాయించి తీరాలనుకుంది.

ఈ మార్చిలో లెక్కకొచ్చింది వేణుగోపాల్ గారు. కాలేజీలో జువాలజీ లెక్చరరు. చెడ్డవాడేం కాదు, చాలా మర్యాదస్తుడు. అలాంటివాళ్ళతోనే పేచీ పెట్టుకోవడం కష్టం.

తెల్లవారేసరికి ఇద్దరూ కుంట గట్టు మీదున్నారు. నీళ్ళు బాగా తగ్గి, మధ్యలో బురద తేలింది. పక్క బీడులో రాత్రంతా నేలమీదే పడుకున్న పిల్లిగద్దలు ఒక్కొక్కటే లేచి పత్తిచేల మీదుగా వేటకి బయల్దేరాయి. వేణుగోపాల్ స్టాండు మీది టెలిస్కోపులో కన్నుపెట్టి, బురదలోని గుంపును పదులు పదులుగా విడగొట్టి లెక్కేశాడు.

“నూట నలభై. అన్నీ చిన్న ఉల్లంకులే,” అన్నాడు.

అలా దోసిళ్ళ లెక్కన చూస్తే తాలు దొరకదని ఖుర్షిదాకి తెలుసు. ఆమె ఒక్కొక్క పిట్టనే చూసుకుంటూ వచ్చింది.

“అన్నీ కాదు సార్. ఆ తుమ్మమోడు పక్కన చూడండి, ఒకటి వేరే ఉంది. పొట్టికాళ్ళు, పసుపుపచ్చగా ఉన్నయ్. ముక్కు పైకి తిరిగింది. మిగతావి ఉన్నచోటే పొడుచుకు తింటంటే, అది నడుం వంచి పరిగెడతంది. నిరుడు చూసింది ఇదే.”

ఆయన పుస్తకం తెరిచి బొమ్మలు చూపించాడు. ఆమె తడుముకోకుండా ఒకదాని మీద వేలు పెట్టింది.

“ఇది సముద్రం ఒడ్డున తిరిగేదమ్మా. బాపట్ల వైపయితే నమ్మొచ్చు. ఇంత లోపలికి రాదు.”

“రాకూడదని దానికెవరన్నా చెప్పారా సార్?”

ఆయన నవ్వి, టెలిస్కోపు అటు తిప్పబోయాడు. అంతలో ఒక పిల్లిగద్ద గట్టు దాటి బురద మీదకి దూసుకొచ్చింది. గుంపంతా ఒక్కసారిగా లేచి రెండు సుళ్ళు తిరిగి, సగం చేల అవతలికి పోయింది. మిగతా సగం మళ్ళీ వాలింది. అందులో ఖుర్షిదా పిట్ట లేదు. ఎండెక్కేదాకా చూశారు. రాలేదు.

“ఈ ఏడాదికి వదిలేద్దాం ఖుర్షిదమ్మా,” అన్నాడాయన మెత్తగా. “ఒక్క తప్పు పడితే లిస్టు మొత్తాన్ని నమ్మరు. మీకలా అనిపించి ఉంటుంది.”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తిట్టినా ఊరుకునేదేమో గానీ ఆ మెత్తదనాన్ని మాత్రం తట్టుకోలేకపోయింది.

“నాకు అనిపించలేదు సార్, కనిపించింది. ఖుర్షిదా చూసిందని రాయండి. వేణుగోపాల్ గారికి కనబడలేదని దాని కిందే రాయండి. రెండూ నిజమేగా!”

“పైన చూసేవాళ్ళు నవ్వుతారమ్మా.”

“నవ్వనీండి. నా పేరు చూసేగా నవ్వేది, మీకేంటి?”

ఆయన పెన్ను తీసి రెండు లైన్లు రాశాడు.

“ఇంగ్లీషు నాకు రాదు. చదివి తెలుగులో చెప్పండి.”

“ప్రత్తిపాడుకు చెందిన ఖుర్షిదా ఈ ఉదయం బహుశా ఆ పిట్టనే చూసింది...”

“ఆగండి సార్. ఆ బహుశా ఎవరన్నారు?”

“మామూలుగా అలాగే రాస్తామమ్మా.”

“ఆ మాట మీది, నాది కాదు. ఏది, ఎక్కడుందో చూపించండి.”

ఆయన చూపించాడు. ఖుర్షిదా దాని పక్కన వేలు పెట్టింది. “కొట్టెయ్యండి,” అంది. ఆయన కొట్టేసేదాకా ఆ కాగితం మీంచి వేలు తీయలేదు.