పెంటమ్మ పేరుతో వచ్చిన మాల్దీవుల ఫారం

ఇది సముద్రాలు దాటిన మహాగాథ. తుఫానులు, దీవులు, ప్రాణాలకు తెగింపు, అన్నీ ఉంటాయి. అని మొదలుపెట్టాలని ఉంది. కానీ ఇది మాదాపూర్‌లో ఒక ట్రావెల్ ఆఫీసు ఐదో అంతస్తులో, గురువారం మధ్యాహ్నం, ఫారం నింపుతుండగా జరిగింది. తుఫాను లేదు. ఏసీ కూడా సరిగా లేదు.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా ఎవరి ముందూ ఒప్పుకోను.

మాల్దీవులకు వెళ్లేవాళ్లకు సలహాలివ్వడం నా పని. మందు సీసాలు తీసుకెళ్లకండి. ఊళ్లున్న దీవుల్లో ఒళ్లు కప్పే బట్టలు వేసుకోండి. నడుం నొప్పి ఉంటే స్పీడ్ బోటులో ముందు కూర్చోకండి. ఇంత ధీమాగా చెప్పే నేను చూసిన అతి పెద్ద నీళ్లు దుర్గం చెరువు.

ఆ వారం బోరబండ నుంచి ప్రణిత అక్క వచ్చింది. నర్సు. అక్కడ ఒక దీవిలో ఆసుపత్రి ఉద్యోగం దొరికింది. ఆదివారం విమానం. సోమవారం చేరకపోతే ఆ ఉద్యోగం వరసలో తర్వాతి మనిషికి పోతుంది.

విమానం ఎక్కేముందు చూపించాల్సిన ఫారాన్ని మా ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో నింపాను. పాస్‌పోర్ట్ చూసి ప్రణిత అనే కొట్టాను. ప్రింటు తీస్తే పేరు దగ్గర పెంటమ్మ అని ఉంది.

పక్క సీటు శ్రీను పనే అనుకున్నాను. నా కీబోర్డుకు వాడు చేసిన ద్రోహాలు చాలా ఉన్నాయి. వాణ్ణే కూర్చోబెట్టి కొట్టమన్నాను. మళ్లీ పెంటమ్మ. ఇంకో కంప్యూటర్ మీద కొట్టాం. పెంటమ్మే.

శ్రీను కుర్చీ వెనక్కి జరిపి, "నేను టీకి పోతున్నరా" అన్నాడు. వాడు టీ తాగడు.

ప్రణిత అక్కకు ఫోన్ చేశాను. "అక్కా, పెంటమ్మ ఎవరు?"

"ఆ పేరు నీకెవరు చెప్పిండ్రు తమ్మీ?"

గంటలో ఆఫీసుకు వచ్చింది. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ బతకలేదట. ఈమె పుట్టగానే నాయనమ్మ చాటలో పెట్టి, పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్లీ ఎత్తుకుని పెంటమ్మ అని పిలిచింది. అట్లాంటి పేరుంటే చావు కన్ను పడదని. బడిలో వేసేటప్పుడు ప్రణిత అయింది. ఏ కాగితం మీదా పాత పేరు లేదు. నాయనమ్మ పోయి పదేళ్లు.

నవ్వించాలని, "మీ నాయనమ్మకు కంప్యూటర్ వచ్చా అక్కా?" అన్నాను.

"సంతకమే రాదు ఆమెకు. పేరు కలవకపోతే విమానం ఎక్కనియ్యరు గదా?"

ఎక్కనివ్వరు. అది చెప్పడమే నా ఉద్యోగం.

ఆమె తెర దగ్గరికి వంగింది. "మొన్న ఊరికి పోయి అందరికీ చెప్పొచ్చిన. నీ గోరి కాడికి రాలే, తప్పయింది. పోతున్న అనను నాయనమ్మా. పోయొస్త."

నేను మళ్లీ కొట్టాను. ప్రణిత అని వచ్చింది.

శ్రీను మూడు టీలు తెచ్చాడు. వాడూ తాగాడు.

ఆమె సోమవారం పనిలో చేరింది. మూడు రోజులకు ఫోటో పంపింది. తెల్ల యూనిఫాం, వెనక నీలం నీళ్లు, ఛాతీ మీద ఆసుపత్రి బ్యాడ్జి. దాని మీద పెంటమ్మ. ఆ దీవిలో తెలుగు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ పేరు ఆమె ఎవరికీ చెప్పలేదు.

మార్పించుకోమని రాశాను. జవాబు వెంటనే వచ్చింది. "ఉండనియ్యి తమ్మీ. తోడుంటది."

సాఫ్ట్‌వేర్ వాళ్లు రెండు రోజులు వెతికారు, ఏమీ దొరకలేదు. నాకూ దొరకలేదు. నేను ఖచ్చితంగా చెప్పగలిగింది ఒక్కటే: మాల్దీవుల ఫారాన్ని ప్రయాణానికి నాలుగు రోజుల ముందు నుంచే నింపనిస్తారు.