ఎర్ర పేలిక కట్టిన బీరకాయ

పక్కింటి పెద్దమ్మ పోయిందని మా ఆవిడ ఫోన్ చేసేసరికి నేను సికింద్రాబాద్ స్టేషన్లో ఉన్నాను, చేతిలో పావుకిలో ధనియాల పొట్లంతో. ఆ ధనియాలు పెద్దమ్మ తెమ్మన్నవే. చలి మొదలైంది కదా, కొత్తిమీర చల్లాలి, మోండా మార్కెట్లో ఈ ఏటివే చూసి తెమ్మని రెండు రోజులుగా గోడ మీదుగా గుర్తు చేస్తూనే ఉంది. "పొద్దున మొక్కలకి నీళ్లు పోసి, లోపలికెళ్లి కూర్చుందంట. అంతే, మళ్లీ లేవలేదంట" అంది మా ఆవిడ. వస్తున్నానన్నాను. ఎక్కాల్సిన మల్కాజ్‌గిరి లోకల్ నా కళ్ల ముందే కదిలి వెళ్లిపోయింది. నేను మాత్రం ఈ ధనియాలు ఇప్పుడు ఎవరికివ్వాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను.

చావు కబురు విన్నవాడికి రావాల్సిన ఆలోచన అది కాదని తెలుసు. కానీ నాకు అదే వచ్చింది. నెల దాటింది, ఇప్పటికీ ఏ సంగతి ముందు తలచుకోవాలో, ఏది వెనకో నాకు తెలియడం లేదు. అందుకే గుర్తొచ్చిన వరసలో రాస్తున్నాను.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. మాది గోదావరి వైపు, ఆవిడది జనగామ దగ్గర పల్లె. భర్త లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడట, మేం ఈ ఇంట్లోకి రాకముందే పోయాడు. ఆయన ఖాకీ చొక్కా ఒకటి చీర మీద తొడుక్కుని ఆవిడ తోటలోకి దిగేది. ఆ చొక్కా జేబులో ఓ చిన్న కత్తి, పురికొస, పాత చీర అంచు చించిన పేలికలు ఉండేవి. తోట అంటే ఎకరాలు కాదు. ఇంటి పక్కన పది అడుగుల సందు. దాని చివర మాకూ వాళ్లకూ మధ్య ఉన్న గోడ, ఆ గోడ మీంచి మా వైపుకు వాలిన బీర పందిరి.

ఆ కాస్త చోటులోనే ఏడాది పొడుగునా ఏదో ఒకటి కాసేది. వానల్లో బీర, బెండ. చలికాలం చిక్కుడు, మెంతి, కొత్తిమీర. ఎండలు ముదిరితే తోటకూర, పుంటికూర. మేం గోంగూర అంటాం, ఆవిడ పుంటికూర అనేది. ఎవరి పేరు సరైనదని వాదించుకుంటూనే ఇద్దరం ఒకే మడిలోంచి కోసుకునేవాళ్లం.

తిట్టడంలో ఆవిడకు మొహమాటం లేదు. "గింత ఎండల నీళ్లు పోస్తరా సారూ ఎవలన్నా? ఏర్లు ఉడుకుతయ్!" నేను ఎవరికీ సారుని కాను, మందుల కంపెనీలో లెక్కలు రాసేవాడినని ఎన్నిసార్లు చెప్పినా సారూ అనే పిలిచేది. బీర ఇత్తనం మాత్రం మృగశిర కార్తె నాడే పెట్టాలి. దాన్ని మిరుగం అనేది. ఈ మధ్య ఆ రోజుకు ఆకాశంలో మబ్బు తునక కూడా ఉండడం లేదు. తీరా దీపావళి ముందు కుండపోతగా కురిసి పూతంతా రాల్చేస్తోంది. ఓ ఏడు నేను ఉండబట్టలేక, కాస్త ఆగి పెట్టొచ్చు కదా పెద్దమ్మా అన్నాను.

"వానకే పరేషానున్నది సారూ. దానికి తోడు మనం సుత పరేషానైతే ఎట్ల? మిరుగం నాడు ఇత్తు భూమిల పడాలె. వాన రాకుంటే నీళ్లు నేను పోస్త" అంది.

గోడ విషయంలో ఆవిడ పెట్టిన నియమం ఒకటుంది. "మీ దిక్కు కాసింది మీది, మా దిక్కు కాసింది మాది. అడుగుడు లేదు, చెప్పుడు లేదు." మేం వచ్చిన రెండో ఏడు నేను ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించాను. మా వైపు జానెడు పొడుగున నిగనిగలాడుతూ ఓ బీరకాయ వేలాడుతోంది. దాని తొడిమకు ఎర్ర పేలిక కట్టి ఉంది. ఇంత అందమైన కాయ కదా, దిష్టి తగలకుండా కట్టారనుకున్నాను. మా ఊళ్లో గుమ్మడికాయకీ, గేదెకీ కూడా కడతారు మరి. కోసి తెచ్చాను. మా ఆవిడ పాలు పోసి కూర వండింది. ఊరుకోకుండా గోడ దగ్గరికి వెళ్లి, "పెద్దమ్మా, ఇవాళ్టి కాయ ఎంత లేతగా ఉందో!" అని చెప్పి మరీ వచ్చాను.

ఆవిడ పందిరి వంక చూసింది. "మంచిగుండెనా?" అంది.

"చాలా బావుంది."

"సరే తియ్. తినేతందుకే గద కాసేది."

సాయంత్రం వాళ్ల కోడలు మా ఆవిడతో అసలు సంగతి చెప్పింది. పేలిక కట్టిన కాయ ఇత్తనానికట. తీగ మీద ఎండేదాకా ఎవరూ ముట్టుకోకూడదట. ఆ బీర పెద్దమ్మ తల్లిగారింటి నుంచి వచ్చింది. ఆ ఏడు మిగతా కాయలన్నీ పురుగు కొట్టి వంకరపోతే, ఇత్తనానికి పనికొచ్చేది ఆ ఒక్కటే నిలిచిందట. మరుసటి ఏడు పెద్దమ్మ రెండు బస్సులు మారి కాప్రా వెళ్లి, ఎప్పుడో చెల్లెలికిచ్చిన ఇత్తుల్లో గుప్పెడు వెనక్కి తెచ్చుకుంది. ఆ చెల్లెలు తర్వాత ఫ్లాట్‌కి మారిపోయింది. ఇక ఆ ఇత్తనం ఉన్నది ఈ సందులోనే.

క్షమించమని అడుగుదామని వెళ్లాను. మడిలో కాలు పెట్టినందుకు చెడామడా తిట్టింది. అడగాల్సింది అడక్కుండానే వచ్చేశాను. మడి తొక్కినందుకు అంత తిట్టిన మనిషి, పుట్టింటి ఇత్తనాన్ని కూర వండుకు తిన్నవాణ్ణి ఒక్క మాట ఎందుకు అనలేదో నాకు అర్థం కాలేదు. తర్వాతైనా అడిగి ఉండాల్సింది. ఎనిమిదేళ్లు గోడకు అటూ ఇటూ నిలబడి ఎన్ని కబుర్లు చెప్పుకోలేదు!

ఆ మరుసటి ఏటి నుంచి పేలికలు రెండయ్యాయి. రెండు కాయలు, రెండూ మా వైపే. జాగ్రత్త కోసం రెండు ఉంచుతోందనుకున్నాను. వాటికి నేనే కాపలా. ఇంటికి చుట్టాలొస్తే గోడ దగ్గరికి పోనిచ్చేవాడిని కాదు. ఒకసారి మా బావమరిది చెయ్యి చాపితే చేతి మీద కొట్టినంత పని చేశాను. చేసిన తప్పు అలా దిద్దుకుంటున్నానని లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

దశదినం అయ్యాక కోడలు వచ్చింది. "సారూ, అత్తమ్మ చెట్లు ఇగ మీరే చూడాలె. నాకు డ్యూటీ. మా ఆయనకు బీర తీగేదో చిక్కుడు తీగేదో సుత తెల్వది" అంది.

సరేనన్నాను. ఇత్తనానికి ఉంచిన రెండు కాయలూ ఎప్పుడు తెంపాలని అడిగాను.

"రెండు ఏడియి సారూ? ఇత్తనానికి ఒక్కటే. ఇంకోటి మీకు." ఆమె నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. "సారుకు మనసైతే ఆగడు, తెంపుకోనీ, ఒకటి వోయినా ఒకటుంటది అని కట్టేది. యాడాది యాడాది చూసేది. ఈసారి సుత తెంపలేడే, గీ సారుకేమైంది అనేది."

నా మీద నమ్మకం లేక కట్టిందా, ఇష్టం ఉండి కట్టిందా? ఇంట్లోకెళ్లి అడిగితే, "మీ సంగతి బాగానే కనిపెట్టింది" అంది మా ఆవిడ. అదీ జవాబు కాలేదు. నేను కాపలా కాస్తున్నాననుకున్న అన్నేళ్లూ ఆవిడ నాకని కట్టిన కాయను ముట్టుకోకుండా ఎండబెట్టాను. దానికి ఆవిడ ఎంత నొచ్చుకుందో తెలియదు. చాలా బాధగా ఉంది.

ధనియాలను ఆవిడ చేసినట్టే పీట మీద పోసి చెంబుతో నలిపి, ఆ మడిలోనే చల్లాను. మొలిచాయి. పక్కన చిక్కుడు పూతకొచ్చింది. బీర తీగ మాత్రం ఎండి పందిరికి అంటుకుపోయింది. దానికి రెండు కాయలు, గోధుమ రంగులో, ఒకే పొడుగున, రెండింటికీ అదే చీర అంచు. ఇందులో ఏది ఇత్తనానిదో కోడలికీ తెలియదు. పొద్దున్నే నీళ్లు పోస్తూ వాటిని చూస్తుంటాను. చలిగాలి తోలినప్పుడు రెండూ ఊగుతాయి, రెండింటిలోనూ గింజలు గలగలమంటాయి. అందులో ఒకటి లేతగా ఉన్నప్పుడే నేను తెంపుకోవాల్సింది.