తుడవని అంచనాలు

పెద్దమందడి దగ్గరి ఒక ఊరి బడిలో విద్యా వాలంటీరుగా చేరేనాటికి మా ఇంటికి తలుపులు కూడా మిగల్లేదు. టేకువి కాబట్టి అవీ అమ్ముడుపోయాయి. అయినా గంజి పెట్టని చీరతో నేను ఏనాడూ బడికి వెళ్లలేదు. అమ్మా నేనూ ఆ వాలంటీరు జీతం మీదే బతికేవాళ్లం. ఏటేటా నన్ను కొనసాగించాలో వద్దో హెడ్మాస్టరే రాసి పంపాలి. ఆయన తండ్రి ఒకప్పుడు మా తాత ముందు చెప్పులు విడిచి నిలబడినవాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆయన నన్ను దొరసాని అని పిలిచే తీరులో అదంతా వినబడేది.

మూడో తరగతికి పొడవుల పాఠం వచ్చింది. స్కేళ్లు లేవు. మీటరుకో ముడి వేసి నులక తాడు తయారుచేశాను. గోడ కింది భాగంలో పిల్లల కోసం పూసిన నల్లరంగు మీద అంచనాకొకటి, కొలతకొకటి రెండు వరుసలు గీయించాను. ముందు చూసి అంచనా రాయాలి. ఆ తర్వాతే తాడు పట్టాలి. అమ్మానాన్నలు వలసపోతే అవ్వ దగ్గర ఉంటున్న ఒక పిల్ల, వరండా ఇరవై మీటర్లని రాసింది. కొలిస్తే తొమ్మిది. అందరూ నవ్వారు. మర్నాడు బోరింగుదాకా పద్నాలుగంది, పదకొండు వచ్చింది. నాలుగో రోజుకు తేడా జానెడే.

తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడని తెలిసి హెడ్మాస్టరు గోడ చూశాడు.

“ఏంది దొరసానీ గిది? ఇరవై ఏడ, తొమ్మిదేడ? గీ తప్పులన్ని తుడిపి, కొలతలున్నట్లే రాయించు.”

“తప్పులు కావు సార్. అంచనాలు.”

“ఆఫీసరు గట్ల సూడడు. పోరగాండ్లకు ఏం రాదనుకుంటడు.”

“రెండూ ఒక్కటే రాస్తే కొలుసుడెందుకు సార్? నేను తుడవను.”

“వచ్చే ఏడు నీ పేరు రాయాల్నా, వద్దా?”

“అది మీ ఇష్టం. గోడ మాత్రం గట్లనే ఉంటది.”

అమ్మ విని, “జర తుడిస్తే నీ సొమ్మేం బోతదే?” అంది. ఒకప్పుడు నాన్న, పొలంలో వేసిన మొదటి బోరు ఎండితే, నీళ్లు పడ్డాయని ఊరందరికీ చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవడానికి రెండోది వేయించాడు. మూడోదాని అప్పుకు ఉన్న చెలక భూమి కూడా పోయింది. అది అమ్మకు గుర్తుచేయాలనిపించలేదు.

మర్నాడు ఆఫీసరు గోడ ముందు ఆగాడు. “ఇరవై అని రాసిందెవరు?”

ఆ పిల్ల లేచింది. “నేనే సార్. అప్పుడు మీటరు ఎంతుంటదో తెల్వదు.”

“ఇప్పుడు తెలుసా?”

“తెలుసు. ఈ గది ఎంతుంటదో ముందుగాల నువ్వు జెప్పు సార్. అటెన్క కొలుస్త.”

హెడ్మాస్టరు గట్టిగా దగ్గాడు. ఆఫీసరు గదిని అటూ ఇటూ చూసి ఎనిమిదన్నాడు. పిల్ల ఆరని గోడ మీద రాసింది. తాడు పరిచారు. ఆరు ముడులు దాటి జానెడు వచ్చింది. పిల్ల సుద్దముక్క అందుకుని తన ఆరు కింద ఆయన ఎనిమిదిని కూడా రాసింది. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. రిజిస్టరులో సంతకం పెట్టి జీపెక్కాడు.

“సారుదన్నా తుడువు,” అన్నాడు హెడ్మాస్టరు.

డస్టరు తీసి ఆయన చేతికిచ్చాను. “మీరే తుడవండి సార్, పిల్లల ముందర.”

తరగతి మొత్తం ఆయన చేతినే చూస్తోంది. డస్టరు బల్ల మీద పెట్టి ఆయన బయటికి వెళ్లిపోయాడు.

జూన్‌లో వచ్చిన వాలంటీర్ల జాబితాలో నా పేరు లేదు. ఎందుకు లేదో అడగడానికి నేను వెళ్లలేదు.