ఇన్సూరెన్స్ లేని బగారన్నం

మా బోనాలైన తరువాతి మంగళవారం, పగలు పన్నెండుకు పది నిమిషాలు తక్కువ. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఆ ఘడియలో నేను కారులో కూర్చుని దాని గడియారాన్నే చూస్తున్నాను. తల ఎత్తి రోడ్డు మీద మనుషుల్ని చూసే ధైర్యం నాకు లేదు.

ఆ రోజుల్లో నేను చాలా చిన్నదాన్ని. నవ్వకండి. వయసు యాభై దాటింది, మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి, మనవరాలు బడికి పోతోంది, అన్నీ నిజమే. కానీ అక్షరాల లెక్కన చూస్తే నాకప్పటికి పాలపళ్లు కూడా ఊడలేదు. మనవరాలు ఒకటో తరగతిలో చేరినప్పుడు దాని పక్కన కూర్చుని, దాని పలక మీదే నేనూ దిద్దాను. (గుణింతాలు నాకంటే ముందు దాటేసింది. ఆ గర్వం దానికి ఇప్పటికీ ఉంది.) కొత్తగా చదువొచ్చిన వాళ్లకు ఒక జబ్బుంటుంది. కనబడిందల్లా చదువుతారు, చదివిందల్లా నమ్ముతారు. బస్సుల వెనక రాతలు, కిరాయి బోర్డులు, చివరికి మూలశంక వైద్యుల గోడరాతలు కూడా నేను గొంతెత్తి చదివేదాన్ని. పక్కన నడిచే మా అమ్మాయి కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది. అలా ఎవరి సాయం లేకుండా నేను చదివిన మొట్టమొదటి పూర్తి వాక్యం బ్యాంకు గోడ మీద ఉంది. తెలియని వారి ఫోన్లు నమ్మవద్దు, మీ వివరాలు చెప్పవద్దు అని. అందరికీ గురువు చెవిలో మంత్రం చెబుతాడు, నాకు బ్యాంకు గోడ చెప్పింది. నేనా మంత్రాన్ని నిష్ఠగా పాటించాను. కొంప మునిగింది అక్కడే.

హైటెక్ సిటీలో ఒక అద్దాల ఆఫీసులో నేను ఏళ్ల తరబడి నేల తుడిచాను. తరువాత అది మానేసి మదీనాగూడలో మా ఇంట్లోనే వంట మొదలుపెట్టి, ఆఫీసులకు అన్నాలు పంపేదాన్ని. ఆటోవాళ్లతో రోజూ పోట్లాడలేక, ఒకరు వాడి వదిలేసిన చిన్న కారు కొని, నడపడం నేర్చుకున్నాను. దాని కాగితాల పనంతా సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే మా అల్లుడిది. వాడి ఉద్యోగమూ ఆ అద్దాల ఆఫీసులోనే. ఇన్సూరెన్స్ ఏడాదికోసారి దానంతట అదే కొత్తదైపోయేలా నా బ్యాంకు కార్డుకు కలిపేశాడు. ఇక ఫికర్ చేయొద్దన్నాడు. నాకు తెలిసి ఈ లోకంలో దానంతట అదే అయ్యేది పాలు పొంగడం ఒక్కటే, అదీ నష్టానికే. అయినా చదువుకున్నవాడు చెప్పాడు కదా అని ఊరుకున్నాను.

ఆ తరువాత ఒకరోజు ఎవడో ఫోన్ చేసి, మీ కార్డు ఆగిపోతోంది, వెనకున్న నంబరు చెప్పమన్నాడు. వాడి వంశం మొత్తాన్నీ తలచుకుని తిట్టి, ఆ కోపం చల్లారకముందే బ్యాంకుకు పోయి పాత కార్డు రద్దు చేయించి కొత్తది తెచ్చుకున్నాను. దొంగను గెలిచానన్న సంతోషంలో ఆ సంగతి అల్లుడికి చెప్పనేలేదు. ఇన్సూరెన్స్ కట్టాల్సింది ఆ పాత కార్డేనని నాకు తట్టలేదు. పులుసులో ఉప్పు వేసే చేతిని కట్టేసి, పులుసు చప్పగా ఎందుకుందని అడిగినట్టు.

కొన్నాళ్లకు ఒక ఆడపిల్ల ఫోన్ చేయడం మొదలుపెట్టింది. కోస్తా పిల్ల, మాట మాటకూ అండి అంటుంది. మీ కారు ఇన్సూరెన్స్ గడువు అయిపోతోందండి, డబ్బు కట్టుబడలేదండి, ఒకసారి చూసుకోండి అని. నాకు గోడ మంత్రం గుర్తొచ్చింది. "నా కారు సంగతి నీకెవడు జెప్పిండే? పొద్దుగాల్నే దొరికిననా నీకు?" అని మొదలుపెట్టి, ఆ పిల్ల చదువును, దాన్ని కన్నవాళ్ల పెంపకాన్ని, దాని గొంతులోని తియ్యదనాన్ని కూడా వదలకుండా కడిగేశాను. మర్నాడు మళ్లీ చేసింది. మళ్లీ కడిగాను. చివరి చివరికి నేను ఫోన్ ఎత్తగానే ఆ పిల్ల ముందు ఊపిరి పీల్చుకోవడం నాకు వినబడేది. నేను మా వాడకట్టులో చెప్పుకున్నాను, దొంగలు నా పేరు చెబితే వణుకుతున్నారని.

ఇక ఆ మంగళవారం. నేను నేల తుడిచిన ఆ అద్దాల ఆఫీసు నుంచే మొదటిసారి పెద్ద బేరం వచ్చింది. ఒక అంతస్తు మొత్తానికి బగారన్నం, కోడికూర, పచ్చిపులుసు. పన్నెండున్నరకు వాళ్ల ముందుండాలి. నచ్చితే ప్రతి మంగళవారం మాదే, ఆలస్యమైతే ఇదే మొదలు ఇదే చివర అని ముందే చెప్పారు. తెల్లవారకముందే పొయ్యి వెలిగించి, వంట గంజులన్నీ కారు వెనక సీట్లో, డిక్కీలో సర్ది బయల్దేరాను. కొండాపూర్ దాటాను. ఆఫీసు అల్లంత దూరంలో మెరుస్తోంది. అప్పుడు అల్లుడు ఫోన్. బండి పక్కకు ఆపి ఎత్తాను.

"అత్తమ్మా, యాడున్నవ్?"

"మీ ఆఫీసులోళ్లకు అన్నం గొంటవోతున్న. ఏందిరా అయ్యా?"

వాడు మెల్లగా చెప్పాడు. తన బైకు ఇన్సూరెన్స్ ఎప్పుడైపోతుందో చూసుకుందామని మెయిల్ తెరిస్తే, నా కారుది ఎప్పుడో అయిపోయిందని, దానంతట అది అవలేదని అందులో నాలుగుసార్లు రాసి ఉందట. వాడికి రోజుకు వచ్చే మెయిళ్ల కింద అది పడిపోయింది. అంటే ఇన్ని రోజులుగా నేను ఏ ఇన్సూరెన్సూ లేకుండా సైబరాబాద్ అంతా తిరిగాను.

నాకు మా బస్తీ ఆటో ఆయన కళ్లముందు కనబడ్డాడు. గడువు అయిపోయిందని చూసుకోకుండా తిప్పి, ఒక పెద్దాయన కాలు విరగ్గొట్టాడు. పెద్దాయన కాలు అతుక్కుంది. ఆటో ఆయన ఇల్లు మాత్రం అమ్ముడుపోయింది. ఇక ఆ పూటదాకా మనుషుల్లా కనబడిన వాళ్లంతా నాకు కోర్టు కేసుల్లా కనబడటం మొదలైంది. ఫోన్‌లో తల పెట్టి రోడ్డు దాటే పిల్లాడు ఒక కేసు. చెవుల్లో పాటలు పెట్టుకున్న పిల్ల ఒక కేసు. మదీనాగూడలో పొద్దున నేను హారన్ కొట్టి బెదిరించిన బర్రె కూడా గుర్తొచ్చి చెమట పట్టింది.

అల్లుడు అటునుంచి గొణిగాడు. "గింత దూరం వచ్చినవ్ గద అత్తమ్మా. ఆ జరంత గూడ మెల్లగ వచ్చేయ్. ఎవ్వరు జూస్తరు?"

"ఎవ్వరు జూడకుంటే గుద్దినోడికి నొప్పి పుట్టదా? ఇంచు గూడ కదలియ్య. నువ్వు ఉరికిరా."

ఫోన్ పెట్టి తలెత్తితే ట్రాఫిక్ పోలీసు ఆయన నా కారు వైపే వస్తున్నాడు. నాకు మొదటి నుంచీ ఉన్న దరిద్రం ఏమిటంటే, కడుపులో మాట నిలవదు. అద్దం దించి, ఆయన నోరు తెరవకముందే అంతా చెప్పేశాను. కార్డు రద్దు, అల్లుడు, మెయిలు, బర్రెతో సహా. ఆయన అంతా విని, టోపీ తీసి తల గోక్కున్నాడు.

"పెద్దమ్మా, నీ డిక్కీ సరిగ్గ పడలే, గంజులు కిందవడ్తయేమోనని జెప్పనీకె వచ్చిన. గిదంత నేను అడిగిననా?"

"అడగలే."

"ఇగ ఇన్నంక ఇననట్టు ఎట్లుండాలె?"

"రాయి బిడ్డా. ఇప్పుడు రాసింది సదువుకోనొస్తది నాకు."

ఆయన చలానా రాశాడు. రాసిన చేత్తోనే కారును వెనక నుంచి నెట్టి, ఎవరికీ అడ్డం లేకుండా పక్క సందులో నిలబెట్టాడు. (చలానా రాసి చెమటోడ్చిన పోలీసును నేను ఆయన ఒక్కణ్నే చూశాను.) మరి అన్నం సంగతి? ఆటోలు రెండు ఆగి, అంత దగ్గరికా అని నవ్వి పోయాయి. అప్పుడు నాకు లిఫ్టక్క గుర్తొచ్చింది. నాతోపాటు అదే ఆఫీసులో పనిచేసిన మనిషి, లిఫ్టు తలుపులు అద్దంలా తుడుస్తుందని ఆ పేరు. ఇప్పటికీ అక్కడే ఉంది. ఫోన్ చేసి రెండు ముక్కల్లో చెప్పాను. ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, మా వాళ్లకు కూర మిగులుతదా అని. మిగులుతదన్నాను.

నీలం యూనిఫారాల్లో తన మందను వెంటబెట్టుకుని వచ్చింది లిఫ్టక్క. బోనాలు మొన్ననే అయ్యాయి, నెత్తిన బోనం మోసిన అలవాటు ఎవరి మెడలకూ ఇంకా పోలేదు. చున్నీలు చుట్టలు చుట్టి నెత్తిన పెట్టుకుని, తలా ఒక గంజు ఎత్తుకున్నారు. లిఫ్టక్క ఊరుకోకుండా రోడ్డు పక్క వేపకొమ్మ విరిచి పచ్చిపులుసు గంజు మీద పెట్టింది. ఈగలు రాకుండా అంది గానీ, ఆమె కళ్లు నవ్వుతున్నాయి. ఇంతలో అల్లుడు ఒగరుస్తూ వచ్చాడు, మెడలో ఆఫీసు బిళ్ల ఊగుతోంది. లిఫ్టక్క వాడి చేతిలో పెద్ద గరిటె పెట్టి, "అల్లుడా, నువ్వు ముంగట నడువు. పోతురాజు లేకుంటే బోనం కదలది" అంది. వాడు బిత్తరపోయి నా వైపు చూశాడు. నేను ఇంకోవైపు చూశాను. నడిచాడు పాపం. మొదట తల వంచుకుని నడిచాడు. పోలీసు ఆయన రోడ్డుకు అడ్డం నిలబడి రెండువైపులా బండ్లు ఆపేసరికి వాడికీ ఊపొచ్చి గరిటెను కొరడాలా తిప్పాడు. పెద్ద పెద్ద కార్లు ఆగిపోయాయి. అద్దాల మేడల మధ్య కోడికూర వాసన ఊరేగింది. ఎవరో వీడియో తీస్తూ ఇదేం పండగండీ అని అడిగితే, "ఆకలి పండుగ, పక్కకు జరుగు" అన్నాను.

ఆఫీసు ముందు గేటు దగ్గర సెక్యూరిటీ పిల్లవాడు అలవాటుగా వెనక గేటు వైపు చేయి చూపించబోయాడు. ముందు గరిటెతో అల్లుడు, వెనక పోలీసు, నడుమ వేపకొమ్మ. వాడి చేయి సగంలో ఆగి, దానంతట అదే సలాం కొట్టింది. అన్నేళ్లు తుడిచిన ఆఫీసులోకి మేము ముందు గేటు నుంచి పోవడం అదే మొదలు. పన్నెండున్నరకు మూతలు తీశాం. అందరూ తిన్నారు, మళ్లీ వడ్డించుకున్నారు, వచ్చే మంగళవారం కూడా వేపకొమ్మ తెస్తారా అని అడిగారు.

గంజులు ఖాళీ అవుతుండగా ఫోన్ మోగింది. ఎత్తగానే ఆ ఊపిరి పీల్చుకోవడం వినబడింది.

"మేడమ్, దయచేసి తిట్టకండి. ఇదే ఆఖరిసారి చేస్తున్నానండి."

"బిడ్డా, నువ్వు దొంగవు గాదని ఎట్ల నమ్మాలె నేను?"

"నాకేమీ చెప్పొద్దండి. కార్డు నంబర్ చెప్పొద్దు, డబ్బు పంపొద్దు. మీవాళ్ల చేత మీరే కట్టించుకోండి. అంతదాకా బండి తియ్యకండి, అదే చాలు."

వివరాలు చెప్పొద్దని నాకు బ్యాంకు గోడ తరువాత చెప్పింది ఈ పిల్లే. అన్నం తిన్నావా అని అడిగాను. తినలేదట. కాల్స్ అవ్వాలట. ఎవరు కనబడితే వాళ్లకు అన్నం పెట్టే మనిషిని, ఆ పిల్లకు ఇన్నాళ్లూ తిట్లే వడ్డించానని ఆ రోజు తెలిసింది. గడువు దాటింది కాబట్టి ఇన్సూరెన్స్ వాళ్లు కారు నాలుగు పక్కలా వీడియో తీసి పంపాలన్నారు. అల్లుడు ఆ పని చేశాడు, డబ్బు కట్టాడు. కొత్త ఇన్సూరెన్స్ చేతికి వచ్చేదాకా కారు ఆ సందులోనే ఉంది. నేను ఇంటికి బస్సులో పోయాను, దారి పొడుగునా బోర్డులు చదువుకుంటూ.

ఇప్పుడు చదువు నాకు పాతబడింది. గోడరాతలన్నీ చదవను, చదివినవన్నీ నమ్మను. తెలియని నంబరు మోగితే ముందు వింటాను, వివరాలు మాత్రం చెప్పను, తిట్లు అవసరాన్ని బట్టి. ఏడాది తిరిగే ముందు దానంతట అదే అయ్యేదాన్ని నేనే స్వయంగా చూసుకుంటాను. అయినా ఎప్పుడైనా ఆ సందు పక్క నుంచి పోతుంటే, బ్యాంకు గోడను వేదంలా నమ్ముకుని స్టీరింగు పట్టుకున్న ఆ చిన్నపిల్ల గుర్తొస్తుంది. దాని ధైర్యం నాకిప్పుడు లేదు. దాని మూర్ఖత్వం మాత్రం కొంచెం మిగిలే ఉంది, పారేయ మనసొప్పలేదు.

ఆ రోజు అక్కడ ఎవరెవరున్నామంటే: లిఫ్టక్క, ఆమె వెంట వచ్చిన నీలం చీరల, నీలం చున్నీల అక్కచెల్లెళ్లు, తల గోక్కున్న పోలీసు, సలాం కొట్టిన గేటు పిల్లవాడు, గరిటె పట్టిన మా పోతురాజు అల్లుడు, ఫోన్‌లో ఆ అండి పిల్ల, నేను. అందరం ఉన్నాం. ఇన్సూరెన్స్ ఒక్కటే లేదు.