హద్దు రాయి కింద బొగ్గులు

దయ్యాలంటే నవ్వే మనిషిని నేను. దుబాయ్ క్యాంపులో మా గదిలో ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే, నిద్ర చెడగొట్టకండని కసురుకుని అటు తిరిగి పడుకునేవాణ్ని. ఇప్పుడిది రాస్తున్నది ఎవరినీ నమ్మించడానికి కాదు. లోపల పెట్టుకోలేకపోతున్నాను.

మాది రాయికల్ దగ్గర ఊరు. నాయన పోయాక ఆయన సాగు చేసిన పొలం నా పేరు మీదికి వచ్చింది. అక్కను కోరుట్లలో ఇచ్చాం. ఆమెకు గుండె వాల్వు పాడైంది, ఆపరేషన్ ఆలస్యం చేయొద్దన్నారు డాక్టర్లు. పొలం అమ్మడం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు. అక్క మాత్రం ససేమిరా అంది. "నాయిన భూమి అమ్మి నాకు పెట్టుడేందిరా తమ్మీ, నేను చేయించుకోను" అని ఫోన్లో ఏడ్చింది.

నేను వినలేదు. బావ పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ రాసి, కాన్సులేట్‌లో స్టాంపు వేయించి పంపాను. సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలున్న ఒకాయన కొంటానన్నాడు. దూరాన ఉండి ఆస్తి అమ్మడం ఎంత నరకమో అప్పుడే తెలిసింది.

కొలతల రోజున చిక్కు వచ్చింది. తూర్పు మూల హద్దు రాయి లేదు. పక్క పొలం వాళ్లు గట్టు జరిపారని బావ, అసలు అక్కడ రాయే ఉండేది కాదని వాళ్లు. హద్దు తేలకుండా కొననని సిరిసిల్ల ఆయన ఖరాఖండిగా చెప్పేశాడు. అది విని అక్క, "నాయినకే ఇష్టం లేదు, ఇడిశిపెట్టున్రి" అందట.

మర్నాడు నాకు పగలు డ్యూటీ. మా ప్లాంటులోకి ఫోన్లు రానివ్వరు, గేటు దగ్గర సెక్యూరిటీకి అప్పగించి పోవాలి. సాయంత్రం ఫోన్ తీసుకోగానే బావ ఫోన్ చేశాడు. గొంతులో ఒకటే సంతోషం. "దొరికింది బామ్మర్దీ! నువ్వు అక్కకు చెప్పిన జాగలనే పోయి తవ్వినం. బొగ్గులు ఎల్లినయ్."

ఏం బొగ్గులో నాకు అర్థం కాలేదు. పూర్వం హద్దు రాయి పాతేటప్పుడు కింద బొగ్గులు, కుండ పెంకులు పోసేవారట. రాయిని ఎవరైనా పీకేసినా బొగ్గు మట్టిలో కలిసిపోదు, హద్దుకు అదే సాక్ష్యం. బావ చెప్పేదాకా ఈ సంగతే నాకు తెలియదు. ఇక అవి ఉన్న చోటు ఎలా తెలుస్తుంది? వాటిని చూశాక పక్క పొలం వాళ్లు కూడా హద్దు ఒప్పుకున్నారట.

వెంటనే అక్కకు ఫోన్ చేశాను. ఆమె నవ్వింది. "పగటిపూట ఫోన్ చేసి నువ్వే చెప్పినవ్ గదరా, వేపచెట్టుకు అవుతల, కాలువ మోరీ పక్కపొంటి తవ్వుమని. రాయి పీకిండ్రు గని బొగ్గులు ఏడికి పోతయన్నవ్. గొంతు బొంగురు పోయింది, జలుబు జేసిందా? ముసలోళ్ల లెక్క నన్ను బిడ్డా అంటున్నవేందిరా?"

నాకు మాటలొచ్చినప్పటి నుంచి ఆమెను అక్కా అనే పిలిచాను. మా అమ్మ మా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో ఆమెను బిడ్డా అని పిలిచింది నాయన ఒక్కడే. గేటు దగ్గరే నిలబడి ఫోన్లో కాల్స్ వెతికాను.

నా ఫోన్లో ఆ పగలు చేసిన కాల్ ఏదీ లేదు. సెక్యూరిటీ అతన్ని అడిగాను, ఫోన్లు పెట్టే పెట్టె తాళమే తియ్యలేదన్నాడు. తర్వాత లీవు మీద వచ్చి అక్క ఫోన్ చూశాను గానీ, అందులో అంత పాత కాల్స్ మిగల్లేదు.

పొలం రిజిస్ట్రేషన్ అయింది. ఆపరేషన్ కూడా అయింది. అక్క ఇప్పుడు ఒక్కతే జగిత్యాల బస్సెక్కి చెకప్‌కు పోయి వస్తోంది. ఆ లీవులోనే ఒక రోజు నాకు అన్నం పెడుతూ అంది. "ఆ దినం ఫోన్ పెట్టే ముంగట, భయపడకు బిడ్డా, భూమి నీకంటె ఎక్కువనా అన్నవ్. గా ఒక్క మాటకే నేను ఆపరేషన్‌కు ఒప్పుకున్న తమ్మీ."

ఆ మాట ఎవరన్నారో నాకు తెలియదు. నేను అనలేదని మాత్రం తెలుసు. ఆ సంగతి అక్కకు చెప్పలేక, తల ఊపి, పెట్టిన అన్నం తిన్నాను.