పాలసీసాను అనుమానించిన మార్తమ్మగారు

నర్సు మార్తమ్మగారు ప్రభువు సన్నిధికి చేరారని కెనడాలోని మా స్కార్‌బరో తెలుగు వాట్సాప్ గ్రూపులో చూసినప్పుడు నేను నమ్మలేదు. గ్రూపులో వచ్చేవన్నీ నిజాలు కావు కదా! వాళ్ళబ్బాయికి ఫోన్ చేశాను. "యెస్, షి ఈజ్ గాన్" అన్నాడు.

ఇక్కడి కాలేజీల్లో ఎటు చూసినా మన పిల్లలే కనిపించిన రోజులవి. నేనూ స్టడీ పర్మిట్ మీద వచ్చి చదువుకుంటూ ఉండగా, ఏడో నెలలోనే బాబు పుట్టాడు. ఊపిరితిత్తులు పక్వానికి రాలేదు. శ్వాసకు యంత్రమే ఆధారం. రక్తపరీక్షలో థైరాయిడ్ హార్మోన్ తక్కువగా ఉందన్నారు. నెలలు నిండక, ఊపిరికి కష్టపడే పసికందుల్లో ఇది తరచూ కనిపిస్తుందనీ, చాలామందిలో దానంతటదే సర్దుకుంటుందనీ, ప్రస్తుతానికి మందు వేయకుండా మళ్ళీ పరీక్షిస్తామనీ డాక్టరు చెప్పాడు. నాకు నమ్మకం కుదరలేదు. హార్మోన్ తగ్గితే బిళ్ళ వేయాలి కదా! నేను రోజూ వేసుకునేది అదే. ఉచిత వైద్యానికి ప్రభుత్వమిచ్చే హెల్త్ కార్డు లేని స్టూడెంట్లమనే మా బిడ్డకు మందు ఎగ్గొడుతున్నారని తేల్చేసుకున్నాను.

ఆ వార్డు నర్సే మార్తమ్మగారు. ఒంగోలు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయినా యాస పోలేదు. అనుమానం ఆవిడకు సహజాభరణం. వారం రోజులుగా సాకుతున్న బిడ్డకైనా సరే, కాలిపట్టీ మీది పేరు ప్రతిసారీ చదవాల్సిందే. "రెండుసార్లు చూడందే నా కళ్ళనే నేను నమ్మను" అనేవారు. నన్నూ అలాగే చూసేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు నా బిళ్ళలో ముక్క నూరి, పిండిన పాలలో కలిపి తీసుకెళ్ళాను. ఆవిడ సీసాను వెలుతురుకు ఎత్తి, అడుగున పలుకులు కనిపెట్టారు.

"ఏంటమ్మా ఇది?"

"ఏం లేదు ఆంటీ, పాలే."

"నా మొహం చూసి చెప్పు."

ఏడుస్తూ చెప్పేశాను. "వీళ్ళు మందు ఇస్తలేరు ఆంటీ. నేనన్న ఇయ్యొద్దా?"

"అది నీ బిళ్ళ. వాడి గుండె బొటనవేలంత లేదు. దడ పట్టుకుంటే ఏం చేస్తావ్?"

ఆ పాలు సింకులో పారబోశారు. "పద, డాక్టరుకి నువ్వే చెప్పు. పక్కన నేనుంటా."

పక్కనే నిలబడ్డారు. నేను చెప్పడం అయ్యాక, "కార్డు లేదనా మందు ఇవ్వనిది?" అని ఆయన్నీ మొహం మీదే అడిగారు. కార్డున్న పిల్లలకైనా ఇంతేనని ఆయన ఓపికగా మళ్ళీ వివరించాడు. నా అనుమానం అప్పటికి తీరింది.

తర్వాతి పరీక్షలో హార్మోన్ పెరిగింది. నేను సంబరపడబోతే, "ఉండు, ఇంకోటి రానీ" అన్నారు మార్తమ్మగారు. ఇంకోటీ బాగానే వచ్చింది. ఆవిడ నవ్వగా చూడటం నాకదే మొదటిసారి.

అంతటి సేవామూర్తి లోటు మాకు తీరేది కాదు. ఆవిడకు నా అశ్రునివాళి. కన్నతల్లినైన నన్ను ఆవిడ నమ్మలేదు. నా కొడుకు బతికాడు.